ఆ గుండ్రటి మూలల ఇంగ్లీషు ఫాంట్ కొనేముందు ఒక్క నిమిషం ఆగండి

షాపు బోర్డులకీ, బండ్ల మీద రేడియం కటింగ్‌కీ సన్నగా, పొడుగ్గా, మూలలు గుండ్రంగా ఉండే ఇంగ్లీషు ఫాంట్ కోసం వెతుకుతుంటే ఇది చదవండి. ఫాంట్లు అమ్మే ఒక సైటులో అలాంటి సెట్టు ఒకటి 'కమర్షియల్ లైసెన్స్‌తో సహా' అంటూ డిస్కౌంట్‌లో పెట్టారు. కొనకండి. నేను కొన్నాను, డబ్బులు పోయినట్టే.

ప్రీవ్యూ బొమ్మల్లో బ్రహ్మాండంగా ఉంటుంది. డిజైన్ సాఫ్ట్‌వేర్ కోరెల్‌డ్రాలో హెచ్ అక్షరం కొట్టి పెద్దది చేయగానే అసలు రంగు బయటపడింది. నిలువు గీతలు పీలగా, మధ్య అడ్డగీత లావుగా! పద్ధతిగా చేసిన కండెన్స్‌డ్, అంటే వెడల్పు తక్కువ ఉండే ఫాంట్‌లో వెడల్పు తగ్గినా నిలువు గీతలు బక్కచిక్కవు, ఎందుకంటే ప్రతి అక్షరాన్నీ ఆ వెడల్పుకి మళ్లీ గీస్తారు. వీళ్లేమో మామూలు ఫాంట్‌ని రెండు పక్కల నుంచీ నొక్కేశారు. మూలల వంపు కూడా కోడిగుడ్డులా సాగిపోయింది.

అక్షరాన్ని కర్వ్స్‌లోకి, అంటే ఉత్త గీతల బొమ్మగా మార్చి షేప్ టూల్ పెడితే ఇంకో సంగతి తెలిసింది. మూలకి ఒకటో రెండో నోడ్లు (గీత వంపుని నిలబెట్టే చుక్కలు) చాలు, ఇక్కడ కుప్పలుగా పడి ఉన్నాయి. స్టిక్కర్ కోసే ప్లాటర్ మెషీన్ బ్లేడు ఆ మలుపు దగ్గరికి రాగానే తడబడుతుంది, అంచు గరుకుగా తెగుతుంది, అక్షరాల చుట్టూ ఉన్న వేస్టు స్టిక్కర్ పీకేటప్పుడు అక్కడే చిరుగుతుంది. ఫ్లెక్స్ ప్రింటులో ఇదంతా పెద్దగా తెలియదు, కటింగ్ వాళ్లకే నరకం. పైగా రూపాయి గుర్తు లేదు. 2010లో వచ్చిన గుర్తండీ అది! రేటు కార్డులో దాని చోట ఖాళీ డబ్బా కనిపిస్తోంది.

అన్నిటికంటే ఒళ్లు మండింది మాత్రం లైసెన్స్ విషయంలో. ఫైలు ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్ తెరిస్తే, కాపీరైట్ దగ్గర వేరేవాళ్ల పేరు ఉంది. ఆ పేరుతో వెతికితే అసలు ఫాంట్ ఉచితంగానే దొరికింది, ఎస్ఐఎల్ ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద. ఆ లైసెన్స్ ఉన్న ఫాంట్‌ని వ్యాపార పనులకి ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు కూడా. ఫాంట్‌ని విడిగా అమ్మడం మాత్రం కుదరదు, మార్చినదాన్నీ అదే లైసెన్స్ కింద ఇవ్వాలి. అంటే మనకి అంటగట్టిన 'కమర్షియల్ లైసెన్స్' ఉత్త కాగితం.

రిఫండ్ అడిగితే 'డౌన్‌లోడ్ చేశాక ఇవ్వం' అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఇప్పటికే కొన్నవాళ్లు ఆ ఫైలు డీటెయిల్స్, ఫెయిలైన కటింగ్ ఫోటోలు దాచుకోండి. 2020 నాటి ఈ-కామర్స్ రూల్స్ ప్రకారం సైటులో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్ మీ ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. పలకకపోతే కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915 ఉంది.

ఏ ఫాంటైనా సరే, ప్రీవ్యూ డబ్బాలో మన చేత టైప్ చేయనివ్వని చోట కొనొద్దు. హెచ్, ఓ, రూపాయి గుర్తు కొట్టి చూస్తే సగం బండారం అక్కడే తెలుస్తుంది. అర్జెంటుగా పని జరగాలంటే గూగుల్ ఫాంట్స్‌లో ఇండియన్ టైప్ ఫౌండ్రీ వాళ్ల రాజధాని ఉంది, ఐదు మందాల్లో. ఇంకా గుండ్రంగా కావాలంటే డోసిస్. రెండూ ఉచితమే. తెలుగు అక్షరాలు మాత్రం రెండిట్లోనూ లేవు, షాపు పేరు తెలుగులో రాయాలంటే రామభద్ర లాంటి తెలుగు ఫాంట్ పక్కన పెట్టుకోండి.