ఉప్పునీళ్లలో తొమ్మిదేళ్లు: మా 22 అడుగుల కుటుంబ పడవ

ఇంజన్ మీటరు మొన్ననే 640 గంటలు దాటింది. ఈ పడవ మా ఇంటికొచ్చి ఇది తొమ్మిదో ఏడు. మా చేతిలో అది తిరిగిందంతా సముద్రం మీదే. తీరానికి పది పన్నెండు కిలోమీటర్ల లోపు, పొద్దున్నే వెళ్లి మధ్యాహ్నానికి తిరిగొచ్చే ప్రయాణాలు. నేను, మా ఆయన, ఇద్దరు పిల్లలు, వీలైనప్పుడు అత్తయ్యగారు. ఇంటిల్లిపాదీ తిరగడానికి పడవ కొనాలనుకునేవాళ్లు నన్ను ఎన్ని అడుగులు, ఎంత హార్స్‌పవర్, ఎంత స్పీడు అని అడుగుతుంటారు. నేను మాత్రం వాళ్లను ఒక్కటే అడుగుతాను. మధ్యాహ్నం గాలి లేచాక, ఎదురు అలల్లో తిరిగొచ్చే ఆ ముప్పావు గంట మీ ఇంట్లో అందరికన్నా ఎక్కువ భయపడే మనిషి ఎలా కూర్చుంటారు? ఈ పడవ గురించి నేను చెప్పే మంచీ చెడూ ఆ ముప్పావు గంటలో తేలినవే.

దీనికి ముందు మూడేళ్లు మా దగ్గర 19 అడుగుల బౌరైడర్ ఉండేది. ముందు భాగం పైన ఏ కప్పూ లేకుండా, అక్కడ కూడా మెత్తటి సీట్లు వేసిన రకం. నిలకడ నీళ్లలో చాలా హాయైన పడవ. చూడ్డానికి వెళ్లిన రోజే పిల్లలు పరుగెత్తి ఆ సీట్లలో కూర్చున్నారు, అది చూసి మేమూ మురిసిపోయి కొన్నాం. రెండో వేసవిలో ఒక పెద్ద లాంచీ మా ముందు నుంచి దాటింది. అది లేపిన మొదటి అల ఎక్కి దిగాం, రెండో అలలోకి పడవ ముక్కు దిగబడిపోయింది. నీళ్లు పిల్లల ఒళ్లోకి వచ్చి పడి, అక్కణ్నుంచి మా చీలమండల దాకా వచ్చాయి. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ మా చిన్నవాడు ఆ తర్వాత ఏడాది పాటు పడవ మాటెత్తితే నా చెయ్యి పట్టుకునేవాడు.

ఆ రోజు నాకు అర్థమైంది డెక్కు సంగతి. సముద్రానికి వెళ్లే పడవలో మనం నిలబడే డెక్కు బయటి నీటిమట్టం కన్నా ఎత్తులో ఉండాలి. అప్పుడే పైన పడ్డ నీరు వెనక రంధ్రాల గుండా తనంతట తానే బయటికి పోతుంది. మా పాత పడవలో ఆ ఏర్పాటు లేదు, వచ్చిన నీరంతా అడుగున చేరి పంపు తోడేదాకా ఉండిపోయింది. ఇప్పటి పడవలో ఉంది. అయితే ఒక చిక్కుంది. నలుగురూ వెనక సీట్లోనే కూర్చుంటే వెనక భాగం దిగి, అవే రంధ్రాల్లోంచి నీరు లోపలికి ఎక్కుతుంది. కొనేముందు మీ కుటుంబం మొత్తాన్నీ వెనక కూర్చోబెట్టి పాదాలు తడుస్తున్నాయేమో చూడండి. అమ్మేవాళ్లు ఇబ్బంది పడినా సరే, చూడండి.

రెండోసారి కొనేటప్పుడు రంగు, సీట్లు పక్కనపెట్టి అడుగు భాగం ఆకారం చూశాం. ముందు నుంచి చూస్తే పడవ అడుగు ఆంగ్ల అక్షరం ‘వి’లా ఉంటుంది కదా, ఆ ‘వి’ వెనకదాకా ఎంత లోతుగా సాగిందన్నదే ముఖ్యం. మాది వెనక చివర 20 డిగ్రీల వాలు. ఈ లోతైన అడుగును జనానికి పరిచయం చేసింది అమెరికన్ డిజైనర్ రే హంట్. ఆయన గీసిన ఆకారంతో కట్టిన పడవలో రిచర్డ్ బెర్‌ట్రామ్ 1960లో మయామీ–నసావు మోటారు పడవల పందెం గెలిచాడు. బల్లపరుపు అడుగు అలను చరుస్తుంది, లోతైన అడుగు కోసుకుంటూ పోతుంది. ఈ తేడా మాటల్లో చెబితే చిన్నదిగా వినిపిస్తుంది. నడుం నొప్పి ఉన్న మా అత్తయ్యగారు మొదటి ప్రయాణం అయ్యాక, “అమ్మాయ్, ఇది ఎత్తేయడం లేదే” అన్నారు. నాకు ఆ మాట చాలు.

దీనికి మూల్యం ఉంది. లంగరు వేసి ఆగితే ఇలాంటి పడవ అటూ ఇటూ ఎక్కువగా ఊగుతుంది. మా పెద్దమ్మాయికి నడుస్తున్నప్పుడు ఎప్పుడూ వాంతి రాలేదు, ఆగినప్పుడే వచ్చేది. అందుకని ఇప్పుడు కొండ చాటునో దీవి చాటునో తప్ప ఆగం. పైగా లోతైన అడుగును లేపి పరిగెత్తించడానికి ఇంజన్ శక్తి కూడా ఎక్కువ కావాలి. మీరు తిరిగేది నది ముఖద్వారాల్లో, బ్యాక్‌వాటర్లలో అయితే ఇంత లోతైన అడుగు అక్కర్లేదు.

అల ఎత్తు ఒక్కటే చూసి బయల్దేరడం కూడా మేం పాత పడవ రోజుల్లో చేసిన పొరపాటు. మీటరు ఎత్తు అలలు ఎనిమిది తొమ్మిది సెకన్లకు ఒకటి చొప్పున వస్తే ఉయ్యాలలా ఉంటుంది. అదే మీటరు నాలుగు సెకన్లకు ఒకటి వస్తే ఎముకలు కదిలిపోతాయి. ఆటు నీరు బయటికి పోతూ, గాలి దానికి ఎదురుగా వీస్తే అలలు నిటారుగా, దగ్గర దగ్గరగా లేస్తాయి. ముఖద్వారం దాటేటప్పుడు ఇది మరీ ప్రమాదం. మా పడవ మీద యూరప్ ప్రమాణం ప్రకారం ‘సి’ తరగతి అని ముద్ర ఉంది. అంటే గాలి బలాన్ని అంకెల్లో చెప్పే బోఫోర్ట్ స్కేలు మీద 6 వరకు గాలి, 2 మీటర్ల వరకు అలలు ఉండే చోట తిరగడానికి కట్టినదని అర్థం. అది పడవ తట్టుకునే హద్దు, పిల్లలు తట్టుకునే హద్దు కాదు. తిరుగుదారిలో 12 నాట్లు (గంటకు సుమారు 22 కిలోమీటర్లు) మించి ఎదురు గాలి ఉంటుందని సూచన ఉంటే మేం అసలు బయల్దేరం.

మాది డ్యూయల్ కన్సోల్ రకం. ఎడమా కుడీ రెండు కన్సోళ్లు, అంటే స్టీరింగూ మీటర్లూ బిగించే దిమ్మెల్లాంటివి, ముందు అద్దం, మధ్యలో నడవడానికి దారి, ఆ దారికి తలుపు. తలుపేస్తే గాలీ నీటి తుంపరా ఆగిపోతాయి. మధ్యలో ఒక్క కన్సోలే ఉండే సెంటర్ కన్సోల్ రకం కూడా ట్రయల్‌కి తీసుకెళ్లి చూశాం. చుట్టూ తిరగొచ్చు, చేపలు పట్టేవాళ్లకి దాన్ని మించింది లేదు. కానీ సరంగు వెనక తప్ప మిగతావాళ్లకి దాక్కునే చోటు లేదు, తిరిగొచ్చేసరికి మా ఆయన తప్ప అందరం తడిసి ముద్దయ్యాం. ముందు చిన్న గది ఉన్న ‘కడీ క్యాబిన్’ రకం చూస్తే లోపల ఉక్క, బయట ఇరుకు.

ఎడమ కన్సోల్ లోపల పోర్టబుల్ టాయిలెట్ ఉంది. ఎత్తు చాలదు, వంగి వెళ్లి కూర్చోవాల్సిందే. దాని గురించి ఎవరూ గట్టిగా మాట్లాడరు కాబట్టి నేను మాట్లాడతాను. పాత పడవలో నేనూ మా అమ్మాయీ బయల్దేరే ముందు నుంచే నీళ్లు తాగడం మానేసేవాళ్లం. ఎండలో, సముద్రం మీద, నీళ్లు తాగకుండా! రెండు గంటలకే తలనొప్పి, చికాకు, ఇంటికెళ్దామనే గొడవ. ఇప్పుడు ఐదారు గంటలు నిశ్చింతగా ఉంటున్నాం. ఆడవాళ్లున్న ఇంటికి తలుపూ గొళ్లెమూ ఉన్న ఆ చిన్న గూడు అదనపు సౌకర్యం కాదు, అవసరం. పడవ ఎంచుకునేటప్పుడు ఇంట్లో ఆడవాళ్లని ట్రయల్‌కి తీసుకెళ్లండి, వాళ్ల మాట వినండి.

నిచ్చెన కూడా అలాంటిదే. నీళ్లలోంచి పైకెక్కే నిచ్చెనకి కనీసం మూడు మెట్లు నీటి లోపల ఉండాలి, నీళ్లలో ఉన్న మనిషి చేత్తో లాగితే కిందికి రావాలి. పాత పడవకి రెండే మెట్లు, మోకాలు గడ్డం దాకా ఎత్తితే తప్ప పాదం ఆనేది కాదు. అలిసిపోయి, తడి బట్టల బరువుతో, ఒంటరిగా ఎక్కగలరా అన్నది తీరం దగ్గర ఒకసారి దిగి చూసుకోవాలి. నీళ్లలో మనిషి ఉంటే ఇంజన్‌ని న్యూట్రల్‌లో ఉంచడం కాదు, పూర్తిగా ఆపేయాలి. స్టీరింగ్ పట్టినవాళ్ల ఒంటికి కిల్ కార్డ్, అంటే వాళ్లు పడిపోతే ఊడి ఇంజన్‌ని ఆపేసే తాడు, తగిలించి ఉండాలి. ఈ రెండింటి విషయంలో మా ఇంట్లో ఎవరికీ మినహాయింపు లేదు.

ఇక ఇంజన్. పాతదానికి స్టెర్న్‌డ్రైవ్ ఉండేది, అంటే ఇంజన్ లోపల, ప్రొపెల్లర్‌ని తిప్పే డ్రైవ్ బయట. అది చల్లబడటానికి సముద్రపు నీటినే లోపలికి లాక్కునేది. ఆ నీరు పొగ బయటికి పోయే ఇనుప గొట్టాల చుట్టూ తిరిగి వాటిని లోపల్నుంచి తినేస్తుంది, బయటికి ఏమీ కనబడదు. మూడో ఏడు ఒక గొట్టం చిల్లుపడి సిలిండర్‌లోకి నీళ్లు చేరాయి. ఆర్నెల్ల ముందే సర్వీసింగ్ చేసిన మెకానిక్ అంతా బాగుందని చెప్పాడు. గొట్టాలు విప్పి చూడకుండానే చెప్పాడని తర్వాత తెలిసింది, ఆ కోపం నాకు ఇప్పటికీ ఉంది. ఈ పడవకి 150 హార్స్‌పవర్ ఫోర్ స్ట్రోక్ అవుట్‌బోర్డ్, అంటే పడవ వెనక బయట తగిలించే ఇంజన్. పని అయ్యాక మొత్తం నీళ్లలోంచి పైకి ఎత్తేయొచ్చు, ఏ భాగమైనా చేతికందుతుంది. ఉప్పునీళ్లకు అవుట్‌బోర్డే తీసుకోండి. ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు.

22 నాట్ల వేగంతో సాఫీగా వెళ్తే గంటకు 28–30 లీటర్లు తాగుతుంది. కానీ అలల్లో 10–12 నాట్లకు తగ్గించినప్పుడు ముక్కు పైకెత్తి, నీళ్లను తోసుకుంటూ పోతుంది. అప్పుడు కిలోమీటరుకు అయ్యే పెట్రోలు పెరుగుతుంది. అంటే తిరుగుదారికి వెళ్లినదారి కన్నా ఎక్కువ కావాలి. ట్యాంకులో మూడో వంతు వెళ్లడానికి, మూడో వంతు రావడానికి, మిగతా మూడో వంతు ముట్టుకోకుండా. ఈ లెక్క తప్పలేదు కాబట్టే ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా పెట్రోలు కోసం టెన్షన్ పడలేదు. ఇథనాల్ కలిపిన పెట్రోలు తేమను పీల్చుకుంటుంది, కాబట్టి నీటిని వేరుచేసే 10 మైక్రాన్ల ఫిల్టరు తప్పనిసరి.

లీటరు సముద్రపు నీటిలో దాదాపు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. నీరు ఆరిపోతుంది, ఉప్పు ఆరిపోదు. ఒడ్డుకొచ్చాక ఇంజన్‌కి మంచినీళ్లు పట్టించడానికి పది నిమిషాలు, పడవంతా కడగడానికి ముప్పావు గంట. తొమ్మిదేళ్లలో ఇది మానేసిన రోజులు రెండో మూడో ఉంటాయి. మానేస్తే ఇంజన్ లోపలి సన్న దారుల్లో ఉప్పు గడ్డకట్టి, ఇంజన్ వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ బిగుసుకుపోతుంది. పడవ ఎంచుకునేటప్పుడు దాన్ని కడగడం ఎంత తేలికో కూడా చూడాలి. మూలమూలకీ కార్పెట్టు, పరుపుల కింద అందని సందులు ఉన్నవి వద్దు.

మేం దీన్ని రెండేళ్లు వాడినదిగా కొన్నాం, అప్పటిదాకా అది మంచినీటి సరస్సులో తిరిగింది. ఇంజన్‌కి బిగించిన యానోడ్లు మెగ్నీషియంవని మాకు తట్టలేదు. యానోడ్ పనేమిటంటే, తాను కరిగిపోతూ ఇంజన్ లోహాన్ని కాపాడటం. మెగ్నీషియం మంచినీళ్లకు సరైనదే, ఉప్పునీళ్లలో మాత్రం చాలా వేగంగా కరిగిపోతుంది. మూడో నెల చూసేసరికి బోల్టులు తప్ప ఏమీ మిగల్లేదు, ప్రొపెల్లర్ దగ్గర పెయింటు కింద తెల్లగా పొక్కులు. అప్పట్నుంచి అల్యూమినియంవి వాడుతున్నాం. జింకువైనా పర్వాలేదు. సగం కరగ్గానే మార్చేయాలి, వాటి మీద ఎప్పుడూ పెయింటు వేయకూడదు.

ఇన్నేళ్లలో పాడైనవి కూడా చెప్పాలి. ముందు అద్దం చుట్టూ ఉన్న అల్యూమినియం ఫ్రేముకి స్టీలు స్క్రూలు నేరుగా బిగించారు. రెండు లోహాలూ ఉప్పు తడిలో కలిసేసరికి ప్రతి స్క్రూ చుట్టూ ఫ్రేము పొంగింది. ఇది కట్టినవాళ్ల అశ్రద్ధే, మధ్యలో కాస్త పేస్టు రాసి ఉంటే సరిపోయేది. లోతు చూపించే పరికరం రెండుసార్లు ఆగిపోయింది, రెండుసార్లూ తప్పు పరికరానిది కాదు, నల్లబడ్డ వైరుది. తగరం పూత ఉన్న రాగి వైర్లు వేయించాక మళ్లీ ఆగలేదు. సీట్ల తోలు బాగానే ఉంది, కుట్లే ఎండకి పొడైపోయాయి. స్టీలు సామాను 316 రకమని రాసినవి ఇప్పటికీ మెరుస్తున్నాయి, చవగ్గా దొరికిందని మేమే పెట్టుకున్న 304 రకం కడ్డీ మీద గోధుమరంగు మరకలు వస్తూనే ఉన్నాయి. అన్నిటికన్నా ఎక్కువ ఖర్చు పెట్టించింది పడవను రోడ్డు మీద లాక్కెళ్లే ట్రెయిలర్. దాని బ్రేకులు రెండుసార్లు మార్చాం. దూరం నడిపి రాగానే వేడెక్కిన చక్రాల బేరింగులను నీళ్లలోకి దించకండి, అవి చల్లబడుతూ ఉప్పునీటిని లోపలికి పీల్చుకుంటాయి.

అడుగున నీరు చేరితే తానే మొదలయ్యే పంపు ఒకసారి మొదలవలేదు. దాని స్విచ్చు కింద చెత్త ఇరుక్కుంది. అప్పటినుంచి బయల్దేరే ముందు ఆ స్విచ్చుని చేత్తో ఎత్తి చూడటం మా అబ్బాయి పని. పాత పడవలో నా చెయ్యి పట్టుకున్నవాడే, ఇప్పుడు లైఫ్ జాకెట్ల లెక్క, రేడియోలో ఆపద కబుర్లకి వాడే 16వ ఛానెల్, రెండో బ్యాటరీ కూడా వాడే చూసుకుంటాడు.

నేను మళ్లీ కొంటే మార్చేది రెండు విషయాలు. పక్క తలుపు ఉన్నది తీసుకుంటాను, ఎందుకంటే డెబ్బై దాటిన అత్తయ్యగారు ఇప్పుడు అంచు దాటి కాలు వేయడానికి ఇద్దరి భుజాలు కావాలి. నీళ్లు నిండినా తేలేలా లోపల ఫోమ్ ఎంత నింపారో రాసి ఇవ్వమని అడుగుతాను. అమెరికాలో 20 అడుగుల లోపు మోటారు పడవలకు ఇలా తేలే ఏర్పాటు చట్టం ప్రకారం తప్పనిసరి, ఆపైన ఉన్నవాటికి కాదు, మాది ఆపైన ఉంది. పొడవు మాత్రం పెంచను. ఇంతకన్నా పెద్దదైతే నేనూ మా అమ్మాయీ ఇద్దరమే దాన్ని నీళ్లలోకి దించి, తిరిగి ట్రెయిలర్ ఎక్కించలేం.

కిందటి ఆదివారం తిరుగుదారిలో గాలి ముందే లేచింది. అమ్మాయి స్టీరింగ్ పట్టుకుంది, మేం మధ్య తలుపేసుకుని కూర్చున్నాం. ఒక పెద్ద తుంపర అద్దం మీద పడి జారిపోయింది. వెనక్కి తిరిగి చూస్తే అత్తయ్యగారు నిద్రపోతున్నారు. ఒడ్డుకొచ్చి కడిగేటప్పుడు చూశాను, యానోడ్లు సగానికి వచ్చాయి. ఈ శనివారం మార్చాలి.