పామ్ స్ప్రింగ్స్‌ని సైకిల్ మీద చూడండి

పామ్ స్ప్రింగ్స్ వెళ్లేవాళ్లు ముందు హోటల్ బుక్ చేసుకుని, ఏం చూడాలో తర్వాత ఆలోచిస్తారు. నన్నడిగితే ముందు సైకిల్ సంగతి తేల్చుకుని, దాన్నిబట్టి ఎక్కడ దిగాలో చూసుకోమంటాను. లాస్ ఏంజెలెస్‌కి తూర్పున, కారులో సుమారు రెండు గంటల దూరంలో ఉన్న ఎడారి ఊరిది. ఇక్కడ చూడదగ్గవి ఆధునిక శైలిలో కట్టిన పాత ఇళ్లు, అవి చాలావరకు ప్రహరీల వెనక, గుబురు కంచెల వెనక ఉంటాయి. కారులో పోతే కంటికి ఆనవు. నడుద్దామంటే దూరాలు ఎక్కువ, నీడ తక్కువ. సైకిల్ అయితే ఎక్కడ నచ్చితే అక్కడ కాలు కింద పెట్టి ఆగొచ్చు.

నేనూ మావారూ ఫిబ్రవరి చివర్లో వెళ్లాం. ఆ ఇళ్ల కోసమే అదే నెలలో జరిగే మోడర్నిజం వీక్ అనే ఉత్సవం అప్పటికి అయిపోయింది కాబట్టి గదుల రేట్లు కాస్త దిగాయి. ఈ ఊరున్న లోయలోనే ఇంకా తూర్పుకి, రాంచో మిరాజ్, పామ్ డెజర్ట్ ఊళ్ల వైపు పెద్ద పెద్ద రిసార్టులున్నాయి. హంగులన్నీ ఉంటాయి, కానీ అక్కడ దిగితే ప్రతిదానికీ కారు తీయాలి. పైగా పెద్ద హోటళ్లలో చాలావాటికి గది అద్దె కాక రోజుకింత అని రిసార్ట్ ఫీజు ఉంటుంది. బుక్ చేసేముందు మొత్తం ఎంతవుతుందో చూసుకోండి.

మేం డౌన్‌టౌన్‌కి పడమట, కొండని ఆనుకుని ఉన్న టెన్నిస్ క్లబ్ పేటలో ఒక చిన్న ఇన్‌లో దిగాం. మధ్యలో స్విమ్మింగ్ పూలు, చుట్టూ ఒంటి అంతస్తు గదులు. పాత కట్టడం కావడంతో గోడలు పల్చన, పక్క గదిలో టీవీ పెడితే మాటలు మనకి వినపడతాయి. పొద్దున కాఫీ, రెండు మఫిన్లు తప్ప టిఫిన్ లేదు. కొండ పడమటే ఉంది కాబట్టి సాయంత్రం కాకముందే నీడ పడి స్విమ్మింగ్ పూలు చల్లబడిపోతుంది. ఈతే ముఖ్యమైతే ఆ పేట మీకు పనికిరాదు. మాకు మాత్రం గేటు దాటగానే బెలార్డో రోడ్డు, దాని మీద పెద్దగా ట్రాఫిక్ లేకపోవడం, ఈ రెండూ మిగతా లోట్లన్నీ మరిపించాయి.

ఇన్‌లో ఉచితంగా ఇచ్చే సైకిళ్లున్నాయి. అవి గేర్లు లేని బరువైన బళ్లు, పెడల్ వెనక్కి తొక్కితే బ్రేక్ పడే రకం. అలవాటు లేనివాళ్లకి కూడలి దగ్గర టెన్షనే. అందుకని అద్దెకు తీసుకున్నాం. ఆ దుకాణంలో బళ్లు బాగున్నాయి కానీ మనిషిని పట్టించుకున్నది తక్కువ. సీటు ఎత్తు సరిచేయమంటే విసుగు, తాళం అడిగితే దానికి వేరే డబ్బు. టైర్లు ఒత్తి చూసి, రెండు బ్రేకులూ పట్టి చూసి, గీతలు పడ్డ చోటల్లా ఫోటో తీసుకుని గానీ బండి కదిలించకండి. కాలిఫోర్నియా చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు పిల్లలకి హెల్మెట్ తప్పనిసరి. పెద్దలకి కాకపోయినా పెట్టుకోవడమే మంచిది.

ముందుగా ఉత్తరానికి, లాస్ పాల్మాస్ పేట వైపు తొక్కాం. గాలి వాయవ్యం నుంచి, కనుమలో గాలిమరలున్న వైపు నుంచి వస్తుంది. వెళ్లేటప్పుడు ఎదురుగాలి కష్టం పడితే వచ్చేటప్పుడు సుఖం. లాస్ పాల్మాస్‌లో తొందరపడకూడదు. సీతాకోకచిలుక రెక్కల్లా రెండు వైపులా పైకి లేచిన కప్పులు, నారింజ రంగు, పసుపు రంగు తలుపులు, వాటి ముందు సిమెంటు జాలీ గోడలు. ఒక జాలీ దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఎండ ఏటవాలుగా పడి, గుండ్రటి కన్నాల్లోంచి వెలుతురు చుక్కలు వాకిట్లో కంకర మీద పరుచుకున్నాయి. లోపలివాళ్లకి గాలి వస్తుంది, ఎండ రాదు, బయటివాళ్ల చూపు పడదు. ఎడారిలో బతకడానికి ఎంత ఆలోచించి కట్టారో అక్కడ నిలబడితే తెలుస్తుంది.

లడేరా సర్కిల్‌లో గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ, భార్య ప్రిసిల్లా 1967లో పెళ్లయ్యాక ఉన్న ఇల్లుంది, జనం ఫోటోలు దిగుతుంటారు. ఆర్కిటెక్ట్ రిచర్డ్ న్యూట్రా 1946లో కట్టిన కౌఫ్‌మన్ హౌస్ మాత్రం రోడ్డు మీంచి కొంచెమే కనపడుతుంది. దానికోసమే అంత దూరం రానక్కర్లేదు, దారిలో ఉంది కాబట్టి ఆగండి. తూర్పున మూవీ కాలనీ పేటలో గాయకుడు ఫ్రాంక్ సినాట్రా 1947లో కట్టించుకున్న ఇంట్లో పియానో ఆకారపు స్విమ్మింగ్ పూలు ఉంది. రోడ్డు మీద నిలబడి చూస్తే అది కనపడదు, ఇంటికి పేరు తెచ్చిన రెండు తాళవృక్షాలు కనపడతాయి.

ఆ సోకులన్నీ చూసి దక్షిణానికి వస్తే, ఇండియన్ కాన్యన్ డ్రైవ్‌కి తూర్పున పెద్ద పెద్ద ఖాళీ జాగాలు తగులుతాయి. అది సెక్షన్ 14. ఈ ఊరి నేల చదరంగం గళ్లలా పంచారు: ఒక గడి రైల్వే కంపెనీకి, పక్క గడి ఇక్కడి మూలవాసులైన అగ్వా కాలియెంటే కహుయియా తెగకి. తెగ భూమైన ఈ సెక్షన్‌లో అద్దెకుండే నల్లజాతి, లాటినో కూలి కుటుంబాలని 1950లు, 60లలో ఖాళీ చేయించి ఇళ్లు కూల్చేశారు, తగలబెట్టారు. నగర పాలకులు 2021లో క్షమాపణ చెప్పారు, 2024లో పరిహారానికి ఒప్పుకున్నారు. ఎండలో ఆ ఖాళీ జాగాల పక్కనుంచి మెల్లగా తొక్కుతుంటే నాకు గుండె బరువెక్కింది. ఆ పని చేసింది, లాస్ పాల్మాస్‌లో ఆ అందమైన ఇళ్లు లేస్తున్న కాలంలోనే. అక్కడే 2023లో తెరిచిన తెగ సాంస్కృతిక మ్యూజియం ఉంది. ఊళ్లో ఒక్కచోటే టికెట్ కొనగలిగితే అది కొనండి. పక్కనే వేడినీటి ఊట మీద కట్టిన స్పా బాగా ఖరీదు, మేం వెళ్లలేదు.

అక్కణ్నుంచి తాక్విజ్ వాగు పక్క సైకిల్ బాట. వాగులో నీళ్లుండేది అరుదే. ఇక్కడ ఒక జాగ్రత్త: బాట వదిలి ఇసుక అంచుల్లోకి దిగొద్దు. మావారి ముందు టైరు మెత్తబడితే వంగి చూశాం, ముల్లు దిగి ఉంది. చూస్తే పల్లేరుకాయ! మన పొలం గట్ల మీద అరికాళ్లలో దిగే పల్లేరే, సైకిళ్లవాళ్లకి ఇక్కడా అదే బాధ. దుకాణానికి ఫోన్ చేస్తే నడిపించుకుని రమ్మన్నారు. అద్దెకు తీసుకునేటప్పుడే పంక్చర్ పడితే ఎవరొస్తారో అడిగిపెట్టుకోండి.

బండి మార్చుకుని మూర్టెన్ బొటానికల్ గార్డెన్‌కి వెళ్లాం. 1938 నుంచి ఉన్న చిన్న నాగజెముడు తోట, టికెట్ తక్కువే, సైకిల్ దిగి సేద తీరడానికి మంచి చోటు. దారిలో ఖర్జూరం మిల్క్‌షేక్ తాగాం, తియ్యదనం ఎక్కువ, ఇద్దరికీ ఒకటి చాలు. మొత్తం పదిహేను కిలోమీటర్లకు అటూ ఇటూ, ఆగుతూ ఆగుతూ ఒక పూట పట్టింది.

తాళవృక్షాల వాగులున్న ఇండియన్ కాన్యన్స్‌లో నడవాలి, కాబట్టి దానికి మర్నాడు కారు తీశాం. కొండమీదికి 1963 నుంచి నడుస్తున్న రోప్‌వే కూడా అంతే. పది నిమిషాల్లో 2,596 మీటర్ల ఎత్తుకు చేరుస్తుంది, స్వెటర్ మర్చిపోవద్దు.

నవంబరు నుంచి మార్చి దాకా ఈ తొక్కుడు హాయిగా ఉంటుంది. 2024 జులై 5న ఇక్కడ 51 డిగ్రీలు నమోదైంది, వేసవిలో తెల్లారగట్ల తప్ప బండి ఎక్కొద్దు. ఏప్రిల్‌లో ఇదే లోయలో ఉన్న ఇండియో ఊళ్లో కోచెల్లా సంగీతోత్సవం జరిగే వారాంతాలు కూడా వదిలేయండి, గదుల ధరలు అందవు.