రాయగడలో కరెంటు పోయింది, జయపురంలో ఫెరారీ గెలిచింది

2025 జూన్‌లో ఒడిశా రజ పండక్కి బరంపురమంతా ఉయ్యాలలూ పొడపిఠా పిండివంటల హడావిడిలో ఉంటే మేం ముగ్గురం, అంటే నేనూ, మా బావా, పిన్ని కొడుకు చిన్నూ, కారేసుకుని రాయగడ, జయపురం వెళ్లొచ్చాం. బావకి రాయగడ మజ్జిగౌరమ్మ మొక్కు. నాకు సరిగ్గా ఆ శని, ఆదివారాల్లోనే ఫ్రాన్స్‌లో జరిగే లె మాన్ 24 గంటల కార్ల రేసు. అందుకే గదులు చూసుకున్నది ఒకే లెక్క మీద: తెల్లారేదాకా నెట్ నిలబడుతుందా లేదా. ఏసీ, గీజరు ఆ తర్వాతి సంగతి.

రాయగడలో దిగిన లాడ్జి పేరు చెప్పను. కొత్త బిల్డింగు, కింద చేపల తొట్టి, లిఫ్టు, గదికి 1,800. రేసు మన టైముకి సాయంత్రం ఏడున్నరకి మొదలైంది, మూడు గంటలు హాయిగా చూశాం. పదకొండు దాటాక కరెంటు పోయింది. జనరేటర్ ఉంది కానీ అది వరండాకీ లిఫ్టుకీ మాత్రమేనట! కిందికి వెళ్లి అడిగితే కుర్రాడు "వస్తాది సార్, పది నిమిషాలు" అన్నాడు. రెండు గంటలు పట్టింది. ఫోన్లో సిగ్నల్ ఒక గీత.

ఆ చీకట్లో చిన్నూ, "కార్లు గిరగిరా తిరగడానికి ఇంత టెన్షనేంట్రా అన్నయ్యా" అన్నాడు. సరే విను అని 2016 కథ చెప్పాను. 23 గంటల 57 నిమిషాలు ముందున్న టయోటా, డ్రైవర్ కజుకి నకజిమా, పవర్ లేదు పవర్ లేదని రేడియోలో అరుస్తూ గెలుపు గీత దగ్గరే ఆగిపోయాడు. వెనకాలొచ్చిన పోర్షే దాటేసి గెలిచింది. "అంటే మన లాడ్జిలాగే" అన్నాడు బావ.

ఇక ఆపలేదు నేను. ఈ రేసు 1923 నుంచీ ఉంది. ఇందులో గెలుపు కోసం పోటీపడేవి ప్రోటోటైప్‌లు, అంటే షోరూములో దొరకని, రేసు కోసమే కట్టిన కార్లు, ఒక్కో కారుకి ముగ్గురు డ్రైవర్లు వంతులేసుకుని రాత్రీ పగలూ తోలతారు. ఒకప్పుడు డ్రైవర్లు రోడ్డు ఇవతల నుంచి పరిగెత్తి కారెక్కి బయల్దేరేవాళ్లు. బెల్టు పెట్టుకునే టైమెక్కడ? 1969లో జాకీ ఇక్స్ అనే బెల్జియం డ్రైవర్ అది ప్రమాదమని నిరసనగా తాపీగా నడుచుకుంటూ వెళ్లి, బెల్టు పెట్టుకుని అందరికంటే ఆఖర్న బయల్దేరి, చివరికి నూట చిల్లర మీటర్ల తేడాతో గెలిచాడు. మరుసటి ఏడాది నుంచి ఆ పరుగు తీసేశారు. మనవాళ్లెవరైనా ఉన్నారా అంటే, 2012లో కరుణ్ చందోక్ మొదటిసారి పాల్గొని ఆరో స్థానంలో వచ్చాడు. అప్పటికి బావ గురక.

పొద్దున్నే గుడి. ఆదివారం, శ్రీకాకుళం, విజయనగరం జనమే సగం కనిపించారు, క్యూలో ఎటు విన్నా తెలుగే. గంటన్నరలో దర్శనం అయింది. బయట బండి మీద బరా, గుగుని, అంటే గారెలూ బఠానీ కూరా తిన్నాం. ఈ ట్రిప్పు మొత్తంలో పెట్టిన డబ్బుకి పూర్తి న్యాయం చేసింది ఆ బండే.

కోరాపుట్ వైపు ఘాట్‌లో సిగ్నల్ సున్నా, రేసు మధ్యభాగం అంతా పోయింది. పైగా బావ డీజిల్ ఆదా అని ఏసీ ఆపేశాడు. మన బండి లీటరుకి పద్దెనిమిది ఇస్తుంది. 1982లో ఈ రేసు కార్లకి గ్రూప్ సి అనే కొత్త నిబంధనలొచ్చినప్పుడు వెయ్యి కిలోమీటర్లకి 600 లీటర్లే వాడాలన్నారు, అంటే లీటరుకి రెండు కిలోమీటర్లు కూడా కాదు. బావ నవ్వాడు కానీ ఆ స్పీడులో అదే పెద్ద పొదుపు, ఎంజిన్ బలమొక్కటే ఉంటే చాలదు, తాగుడు కూడా తగ్గాలి. ఆ ఏడాది పోర్షే 956లు 1, 2, 3 నంబర్లు వేసుకుని అదే వరసలో వచ్చాయి. 2006లో ఆడి డీజిల్ కారుతో గెలిచిందని చెప్పగానే బావ స్టీరింగ్ మీద చరిచి "చూశావా మరి!" అన్నాడు, తనే తోలినట్టు.

జయపురంలో లాడ్జి పాతది, 900 గది, గోడలు పెచ్చులూడాయి, బాత్రూమ్ కుళాయి కారుతోంది, గదిలో వైఫై రాదు. కానీ మేనేజర్ గారు తన బల్ల దగ్గర కుర్చీలు వేయించి, ఇన్వర్టర్ ఉంది కూర్చోండి బాబూ అన్నారు. చివరి గంటలు అక్కడే చూశాం. పసుపు ఫెరారీ, 83వ నంబరు, ఫ్యాక్టరీ ఎర్ర కార్లు కాదు. చివర్లో తోలింది రాబర్ట్ కుబిత్సా, 2011 ర్యాలీ ప్రమాదంలో కుడి చెయ్యి దాదాపు తెగిపోయిన మనిషి. అతనూ, ఇదే కారులో ఇంకో డ్రైవరైన యే యిఫే కలిసి ఆడిన 2021 లె మాన్‌లో వాళ్ల కారు కింది తరగతి కార్లలో ముందుండి ఆఖరి ల్యాప్‌లో ఆగిపోయింది. అందుకని చివరి పది నిమిషాలూ నేను కుర్చీలో కూర్చోలేదు. ఈసారి ఆగలేదు, పోర్షే మీద 14 సెకన్ల తేడాతో గెలిచారు.

మళ్లీ వెళ్తే రాయగడలో ఆగను, పొద్దున దర్శనం చూసుకుని నేరుగా జయపురమే. బిల్లు కట్టేటప్పుడు మేనేజర్ గారు కళ్లజోడు పైకి తోసి "ఆ పసుపు బండి ఎంతుంటుంది బాబూ?" అని అడిగారు. అమ్మరండీ అన్నాను. నాలుగు టీలకి నలభై రాసుకున్నారు.