పాత ఫోర్ వీల్ పికప్: బండి గురించి తక్కువ, ముందు హబ్బుల గురించి ఎక్కువ

ఏళ్ల తరబడి ఎండకు ఎండి వానకు తడిసిన పికప్‌ను ఇంటి దగ్గరే విప్పి బాగుచేసుకున్నవాళ్లు సాధారణంగా ఇంజను గురించో, ఛాసిస్‌కు పట్టిన తుప్పు గురించో, చివర్లో వేసిన రంగు గురించో రాస్తారు. నా బండిలోనూ అవన్నీ ఉన్నాయి. ఛాసిస్ విషయంలో చెప్పాల్సింది కొంచెమే: పెట్టెలా మూసి ఉండే పట్టీలను తుప్పు లోపలి నుంచి తింటుంది కనుక పై రంగును చూసి నమ్మకుండా, పొడవునా సుత్తితో తట్టి మోత వినాలి, లోపల పేరుకున్న మట్టిని నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాకనే లోపలికి మైనం పిచికారీ చేయాలి. ఇంజను గురించి ఆ మాత్రం కూడా అక్కర్లేదు. అది మెకానికల్ పంపుతో నడిచే డీజిల్ కాబట్టి ట్యాంకు కడిగి, ఫిల్టరు మార్చి, పైపుల్లోని గాలి తీసేశాక పలికింది, ఇప్పటికీ పలుకుతోంది. ఇంతకాలం వాడిన తర్వాత ఈ బండి మీద నాకున్న మమకారమంతా ఒక్కో ముందు చక్రం నడిమధ్యన ఉండి, దాన్ని యాక్సిల్ షాఫ్టుకు కలిపే (లాక్) లేదా విడదీసే (ఫ్రీ), చేత్తో తిప్పే లాకింగ్ హబ్బుల మీదికి చేరింది. నన్ను బాగా విసిగించినవి కూడా అవే.

హబ్బు ఫ్రీలో ఉంటే ముందు చక్రాలు తమ మానాన తాము తిరుగుతాయి. లివరు టూ వీల్‌లో ఉన్నంతసేపు యాక్సిల్ షాఫ్టులు, వాటికి బలాన్ని పంచే ముందు డిఫరెన్షియల్, దాని దాకా బలం తెచ్చే ముందు ప్రొపెల్లర్ షాఫ్టు కదలకుండా ఉంటాయి. కొత్త బండిలో ఈ తేడా పెద్దగా తెలియకపోవచ్చు గానీ, అరిగిన జాయింట్లున్న పాత బండిలో చెవికే తెలుస్తుంది. లాక్‌లో ఉంచి తారురోడ్డు మీద నడిపితే ఒక వేగం దాటాక పాదాల కింద సన్నటి గుంయ్‌మనే మోత మొదలవుతుంది. బండి ఆపి, దిగి, రెండు డయళ్లనూ ఫ్రీకి తిప్పి మళ్లీ అదే వేగం అందుకుంటే ఆ మోత ఉండదు. రెండో ప్రపంచ యుద్ధంలో మిగిలిపోయిన సైనిక జీపులను మామూలు రోడ్ల మీద నడుపుకోవడానికి వీలుగా ఇలాంటి హబ్బులు తయారుచేస్తూ అమెరికాలో ఆర్థర్ వార్న్ 1948లో కంపెనీ పెట్టాడు. అప్పటి అవసరమూ ఇప్పటి నా అవసరమూ ఒకటే కావడం నాకు ముచ్చటగా అనిపిస్తుంది.

నేను ఊహించని లాభం ఒకటి తర్వాత బయటపడింది. హబ్బులు ఫ్రీలో ఉంచి, ఇంజను బలాన్ని ముందు వెనక యాక్సిళ్లకు పంచే ట్రాన్స్‌ఫర్ కేసును ఫోర్ లోలో (నాలుగు చక్రాలకూ నెమ్మది గేరు) వేస్తే ముందు ప్రొపెల్లర్ షాఫ్టు ఉత్తినే తిరుగుతుంది, వెనక చక్రాలకు మాత్రం లో గేరు దొరుకుతుంది. నా బండి ట్రాన్స్‌ఫర్ కేసులో, ముందు వెనక యాక్సిళ్లు వేర్వేరు వేగాలతో తిరగడానికి వీలిచ్చే సెంటర్ డిఫరెన్షియల్ లేదు. అందుకే సిమెంటు నేల మీద ఫోర్ వీల్‌లో మలుపు తిప్పితే ముందు చక్రాలు తిరిగే దూరానికీ వెనక చక్రాలు తిరిగే దూరానికీ పొత్తు కుదరక, స్టీరింగ్ బిగుసుకుని, లివరు కూడా వెంటనే బయటికి రాదు. ఫ్రీ హబ్బులతో ఆ తంటా లేకుండానే బరువైన ట్రాలీని అంగుళం అంగుళం వెనక్కి నెట్టవచ్చు, క్లచ్ కాలదు. పెంచిన బలమంతా వెనక యాక్సిల్ ఒక్కటే మోస్తుంది కనుక యాక్సిలరేటర్ మీద కాలు తేలిగ్గా ఉంచాలన్నది ఒక్కటే షరతు.

ఇక విసిగించిన సంగతి. బండి పనులన్నిటిలో ముందు చక్రాల బేరింగులు, హబ్బుల పని ఒక్కటే బయట ఒక వర్క్‌షాపుకు ఇచ్చాను. చాలా కాలం ఏ ఫిర్యాదూ లేదు. ఒక చలికాలం ఉదయం, తడిసిన బంకమట్టి గట్టు ఎక్కుతుండగా వెనక చక్రాలు గోతులు తవ్వడం మొదలుపెట్టాయి. రెండు హబ్బులూ లాక్‌లోనే ఉన్నాయి, లివరు ఫోర్‌లోనే ఉంది. పక్కన దిగి నిలబడ్డ మా తమ్ముడు వంగి చూసి, "అన్నయ్యా, ముందు షాఫ్టు తిరుగుతోంది, చక్రాలు మాత్రం తిరగట్లేదు" అన్నాడు. డిఫరెన్షియల్ పగిలిపోయిందనే అనుకున్నాను. మెల్లగా రివర్స్‌లో కిందికి దిగి, చుట్టుదారిన ఇల్లు చేరాం.

ఇంటి దగ్గర గట్టి నేల మీద, వెనక చక్రాలకు అడ్డం పెట్టి, ముందు భాగం ఎత్తి స్టాండ్ల మీద నిలిపి చూశాను. ఎడమ చక్రాన్ని చేత్తో తిప్పితే లోపలి బరువు తెలుస్తోంది, ఆ చక్రం వెనకున్న యాక్సిల్ షాఫ్టు కూడా కదులుతోంది. కుడి చక్రం డయల్ ఎటు పెట్టినా ఒకే తేలికతో తిరుగుతోంది. అసలు గుట్టు అక్కడుంది: మామూలు ఓపెన్ డిఫరెన్షియల్ రెండు పక్కలకూ సమానమైన బలమే ఇస్తుంది కనుక, ఒక పక్క షాఫ్టు దేనికీ తగులుకోకుండా ఉత్తినే తిరుగుతుంటే రెండో పక్కకూ దాదాపు ఏమీ అందదు. అంటే ఒక్క హబ్బు పట్టకపోతే ముందు యాక్సిల్ మొత్తం పనిలో లేనట్టే.

హబ్బు విప్పి చూస్తే లోపలంతా బేరింగులకు వాడే చిక్కటి గ్రీజు అంచుల దాకా కూరి ఉంది; దుమ్ముతో కలిసి గోధుమరంగుకు తిరిగి, గోరుతో గీకితే తప్ప రాని ముద్దగా మారింది. ఈ రకం హబ్బులో డయల్ తిప్పినప్పుడు పళ్లున్న రింగు నేరుగా జరగదు. స్ప్రింగు బిగుసుకుంటుంది, పళ్లు ఎదురెదురుగా వచ్చినప్పుడు ఆ స్ప్రింగు రింగును లోపలికి నెడుతుంది. బయట డయల్ లాక్ అని చూపించడమంటే లాక్ చేయమని స్ప్రింగుకు చెప్పినట్టు మాత్రమే. చలికి బిగిసిన ఆ గ్రీజును నెట్టే బలం స్ప్రింగుకు చాలలేదు. కిరోసిన్‌తో కడిగి, ఆరబెట్టి, జరిగే భాగాలకు పల్చటి గ్రీజు పూతగా రాసి బిగించాను. బిగించేటప్పుడు ఓపిక పట్టాల్సింది సర్క్లిప్ (షాఫ్టు గాడిలో కూర్చునే రింగు క్లిప్పు) దగ్గరే: షాఫ్టు చివరనున్న మరలో ఒక బోల్టు ఎక్కించి, దాన్ని బయటికి లాగి పట్టుకుంటే తప్ప సర్క్లిప్ గాడిలో కూర్చోదు. ఇప్పుడు డయల్ తిప్పి బండిని కొంచెం ముందుకూ వెనక్కూ కదిపితే టక్కుమని శబ్దం వినిపిస్తుంది. ఆ శబ్దం వినకుండా నేను బురదలోకి దిగడం లేదు.

ఈ హబ్బుల వల్ల మైలేజీ బాగా పెరిగిందని మొదట్లో అడిగినవాళ్లందరికీ చెప్పేవాణ్ణి. అదే రోజుల్లో పట్టేస్తున్న వెనక బ్రేకులు సరిచేశాను, టైర్లు కూడా మార్చాను కాబట్టి ఆ లాభంలో హబ్బుల వాటా ఎంతో విడదీసి చెప్పలేను, పెద్దదైతే కాదనుకుంటాను. ఎప్పుడూ ఫ్రీలోనే ఉంచితే మోత కూడా ఉండదు, అరుగుదలా ఉండదన్న మాటకూ ఒక మినహాయింపు ఉంది. కదలని డిఫరెన్షియల్‌లో ఆయిల్ అడుగునే నిలిచిపోతుంది, పై గేర్లూ సీళ్లూ పొడిబారతాయి. ఫోర్ వీల్‌ను నెలకోసారి కనీసం 16 కిలోమీటర్లు వాడమని కొన్ని కంపెనీల మాన్యువళ్లు చెబుతాయి. నేను లివరును టూ వీల్‌లోనే ఉంచి హబ్బులు మాత్రం లాక్ చేసి ఆ పాటి దూరం నడుపుతాను, ఆయిల్ పైకి అందడానికి అది సరిపోతుంది.

నా బండి ఎక్కువగా తారురోడ్డు మీదే తిరుగుతుంది, నడిపేది నేనొక్కణ్ణే, వానలో దిగి మోకాళ్ల మీద కూర్చోవడానికి నాకింకా ఇబ్బంది లేదు. ఈ మూడూ కుదిరినవాళ్లు చేత్తో తిప్పే హబ్బులే ఉంచుకోవచ్చు. రోజూ బురద దారిలోనే తిరిగే బండైనా, నలుగురి చేతులు మారే బండైనా, ఎవరు ఫ్రీలో వదిలేశారో ఎవరు లాక్‌లో వదిలేశారో వెతుక్కునే బదులు వాటిని తీసేసి, ఎప్పుడూ పట్టి ఉండే డ్రైవ్ ఫ్లాంజ్‌లు బిగించుకోవడం నయం. కాస్త మోతకూ కాస్త డీజిలుకూ సిద్ధపడాలి, అంతే.