పారాఫిల్మ్ ఎం రివ్యూ: గాలి ఆడే సీల్

ల్యాబుల్లో సీసాల, ప్లేట్ల మూతులకి చుట్టే సాగే మైనపు షీటు పారాఫిల్మ్, అది చుట్టేస్తే గాలి అస్సలు పోదని చాలామంది రీసెర్చ్ స్టూడెంట్స్ నమ్ముతారు, సీనియర్లు కూడా అలాగే చెప్తారు, కానీ అది నిజం కాదు. దీంట్లోంచి నీటి ఆవిరి చాలా తక్కువ పోతుంది గానీ ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ మెల్లమెల్లగా అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాయి. నా లెక్కలో దీని గొప్పతనమే అది. ఇంక్యుబేటర్‌లో పెట్టిన పెట్రీ ప్లేట్‌లో ఆగార్ (సూక్ష్మజీవుల్ని పెంచే జెల్లీ) ఎండిపోకూడదు, లోపల పెరిగే కల్చర్‌కి, అంటే ఆ జీవులకి, మాత్రం ఊపిరాడాలి, ఈ రెండూ ఒకేసారి కావాలంటే ఇంత సులువుగా చేసిపెట్టేది నాకింకోటి కనపళ్ళేదు. అదే ఆక్సిజన్ తగిలితే చచ్చిపోయే బాక్టీరియా పెంచేవాళ్ళు, తేమ తగిలితే పాడయ్యే కెమికల్ దాచేవాళ్ళు మాత్రం దీన్ని నమ్ముకోవద్దు, వాళ్ళకి సరైన మూతలూ డెసికేటర్లూ (తేమ లేకుండా దాచే డబ్బాలు) కావాలి.

ఇంతకీ ఇదేంటంటే పారాఫిన్ మైనం, పాలీఓలెఫిన్ (పాలిథీన్ జాతి ప్లాస్టిక్) కలిపి చేసిన పల్చటి షీట్, మందం 127 మైక్రాన్లు. మైనం ఒక్కటే అయితే లాగగానే విరిగిపోతుంది, పాలీఓలెఫిన్ ఒక్కటే అయితే సాగుతుంది గానీ ఇలా మెత్తగా అతుక్కోదు, రెండూ కలిపితే సొంత పొడవుకి మూడు రెట్ల దాకా సాగి, వేలితో నొక్కితే తన మీద తనే అతుక్కుంటుంది. జిగురేమీ ఉండదు, మెత్తటి మైనపు పొరలు రెండూ పూర్తిగా ఆనుకుంటే చాలు. రబ్బరులా మళ్ళీ వెనక్కి ముడుచుకోదు కాబట్టి సీసా మూతి ఏ ఆకారంలో ఉంటే ఆ ఆకారంలోనే నిలబడిపోతుంది. లాగేటప్పుడు ఒక చోట తెల్లబడుతుంది చూశారా, అది లోపల సన్నసన్నటి ఖాళీలు ఏర్పడి వెలుతుర్ని చెదరగొట్టడం వల్ల. పాలిమర్ క్లాసులో స్ట్రెస్ వైటెనింగ్ (లాగితే తెల్లబడటం) గురించి చెప్పేవాళ్ళు ఇదొక ముక్క చేతికిచ్చి లాగమంటే పిల్లలకి జన్మలో మర్చిపోలేనంత బాగా అర్థమవుతుంది, నిజంగా అంటున్నా.

సీలింగ్ ఒక్కటే కాదు. మైనం కదా, నీళ్ళంటే దానికి పడదు, చుక్క వేస్తే కాంటాక్ట్ యాంగిల్ (చుక్క అంచు షీటుతో చేసే కోణం) 100 డిగ్రీలు దాటి గుండ్రంగా నిలబడుతుంది. అందుకే జెల్ నడిపేవాళ్ళు (డీఎన్ఏ ముక్కల్ని సైజుని బట్టి విడదీసేవాళ్ళు) ఒక ముక్క బెంచి మీద పరిచి దాని మీదే డీఎన్ఏ శాంపిల్, దానికి కలిపే రంగు (లోడింగ్ డై) రెండు మూడు మైక్రోలీటర్లు కలిపేసుకుంటారు, ట్యూబులు వేస్ట్ అవ్వవు. ఖరీదైన యాంటీబాడీతో సెల్స్‌కి స్టెయినింగ్ (రంగు పట్టించడం) చేసేటప్పుడైతే ఇది వరమే, పారాఫిల్మ్ మీద చిన్న చుక్క వేసి కవర్‌స్లిప్‌ని (పల్చటి గాజు ముక్కని) సెల్స్ ఉన్న వైపు కిందికి బోర్లించేస్తే చాలు, మిల్లీలీటర్లకొద్దీ పొయ్యక్కర్లేదు. ఇక పురుగుల మీద పనిచేసే వాళ్ళు వాడే తీరు చూస్తే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే, పల్చగా సాగదీసిన రెండు పొరల మధ్య చక్కెర, అమైనో ఆసిడ్ల ద్రావణం పెడితే పేనుబంక పురుగులు ఆకుని పొడిచినట్టే పొడిచి తాగుతాయి! దోమల ల్యాబుల్లో రక్తం తాగించడానికి కూడా ఇదే చర్మంలా పనికొస్తుంది.

ఇక పనికిరాని చోట్లు. 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగిపోతుంది కాబట్టి ఆటోక్లేవ్‌లో (వేడి ఆవిరితో క్రిములు చంపే పాత్రలో) పెట్టడం కుదరదు, హాట్ ప్లేట్ దరిదాపుల్లో కూడా వద్దు. చల్లదనం మైనస్ 45 దాకా తట్టుకుంటుంది, మైనస్ 80 ఫ్రీజర్‌లో పెట్టే ట్యూబులకి దీని భరోసా లేదు. ఉప్పు ద్రావణాలూ పల్చటి ఆసిడ్లూ ఆల్కహాలూ ఒకట్రెండు రోజులు ఇబ్బంది లేదు గానీ హెక్సేన్, టోలుయీన్, క్లోరోఫామ్, ఈథర్ సీసాలకి మాత్రం దయచేసి చుట్టొద్దు. మైనం వాటిలో కరుగుతుంది, కరిగిందంటే సీల్ పోవడం ఒక్కటే కాదు, మీ శాంపిల్‌లోకి హైడ్రోకార్బన్లు దిగి జీసీఎంఎస్‌లో (శాంపిల్‌లో ఏమేం ఉన్నాయో విడదీసి చూపే మెషీన్‌లో) వరసగా పీకులు, అంటే గ్రాఫ్‌లో శిఖరాలు, వస్తాయి, అవి మీ కాంపౌండ్‌వి అనుకుని కూర్చుంటే రోజులు పోతాయి.

వాడకంలో ఒక్క చిట్కా చాలు. చల్లగా ఉన్నప్పుడు లాగితే తెగుతుంది, వేళ్ళ మధ్య కాసేపు వెచ్చబడనిచ్చి నిదానంగా సాగదీస్తూ చుట్టండి, చివర గట్టిగా నొక్కండి. కాగితం ఆనుకుని ఉన్న వైపే శుభ్రమైన వైపు, ఆ కాగితాన్ని సరిగ్గా వాడే ముందే ఒలవండి, అలాగని ఆ వైపు స్టెరైల్ (క్రిములే లేనిది) అనుకోవద్దు, కావాలంటే 70 శాతం ఇథనాల్‌తో తుడుచుకోండి.

నా రేటింగ్ 5 కి నాలుగున్నర, ఆ అర తగ్గించింది ఆర్గానిక్ సాల్వెంట్ల దగ్గర చేతులెత్తేస్తుందని. కొనేటప్పుడు 4 అంగుళాల వెడల్పు, 125 అడుగుల రోల్ తీసుకోండి, 2 అంగుళాలది ప్లేట్లు చుట్టడానికి బానే ఉంటుంది గానీ చుక్కలు పెట్టుకోవడానికీ పెద్ద బీకర్ మూతికీ అసలు సరిపోదు.