1,42,000 దగ్గర గేర్‌బాక్స్ ఆయిల్ మార్పించాను: 46 వేల కిలోమీటర్ల తర్వాత రాస్తున్న సమీక్ష

నాది 2010 హోండా సిటీ, ఐదు గేర్ల ఆటోమేటిక్. 2016లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నప్పుడు 61 వేలు తిరిగి ఉంది. ఇంజిన్ ఆయిల్ ఏటా మార్పించేవాణ్ని, ఏసీ ఫిల్టర్ కూడా. గేర్‌బాక్స్‌లోనూ ఆయిల్ ఉంటుందనీ, అదీ ముసలిదవుతుందనీ మాత్రం బండి వణికేదాకా తెలియలేదు. ఆ తప్పు పూర్తిగా నాదే.

వణుకు ఎలా ఉండేదంటే, శ్రీశైలం హైవే మీద అరవై, డెబ్బైలో, యాక్సిలరేటర్ మీద కాలు తేలిగ్గా ఆనించి పోతుంటే, వరసగా వేసిన చిన్న స్పీడ్ బ్రేకర్ల మీంచి వెళ్లినట్టు రెండు మూడు సెకన్లు దడదడలాడేది. కాస్త గట్టిగా తొక్కితే పోయేది. టైర్ల తేడా అనుకొని రెండుసార్లు వీల్ బ్యాలెన్సింగ్ చేయించాను. డబ్బు దండగ. దీంతో పాటు పొద్దున్నే రివర్స్‌లో వేస్తే ‘ధడ్’మని ఒక కుదుపు. ట్రాఫిక్‌లో గంటసేపు నలిగాక రెండు నుంచి మూడో గేరుకి మారేటప్పుడు ఒక క్షణం తటపటాయింపు.

ఆ దడదడకి మూలం టార్క్ కన్వర్టర్. ఆటోమేటిక్‌లో ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య మామూలు క్లచ్ ఉండదు, ఆయిల్ సుడే శక్తిని మోస్తుంది. బండి ఒక వేగంలో నిలకడగా పోతున్నప్పుడు మాత్రం పెట్రోలు వృథా కాకుండా లోపల ఒక చిన్న క్లచ్ పట్టుకుంటుంది. అది మెత్తగా పట్టుకోవాలంటే ఆయిల్‌లో కలిపిన రసాయనాలు బాగుండాలి. వేడికి అవి అరిగిపోతే క్లచ్ పట్టుకుంటూ జారుతూ ఉంటుంది. నా బండి వణుకు అదే. కూకట్‌పల్లి నుంచి హైటెక్ సిటీకి రోజూ పాకుతూ వెళ్లే బండిలో, ఏప్రిల్, మే ఎండల్లో, ఈ ఆయిల్ పడే అవస్థ ఊహించుకోవచ్చు.

మార్పిద్దామని వెళితే మొదటి మెకానిక్ చేతులెత్తేశాడు. “వద్దు సార్. లక్షా నలభై వేలు నడిచిన బండి. ఇప్పుడు ఆయిల్ ముట్టుకుంటే గేర్‌బాక్స్ కూసుంటది” అన్నాడు. ఇంకో చోట ఇది లైఫ్‌టైమ్ ఆయిల్, అసలు మార్చక్కర్లేదన్నారు. మూడో ఆయన పాన్ (గేర్‌బాక్స్ అడుగున ఉండే ఆయిల్ తొట్టి) విప్పి ఫిల్టర్ కూడా మార్చాలని లెక్క రాసిచ్చాడు. చాలా ఆటోమేటిక్‌లకు అది నిజమే, కానీ ఈ గేర్‌బాక్స్‌కి కింద విప్పే పాన్ లేదు. మాన్యువల్‌లో లాగా పక్కపక్కనే షాఫ్టులు, ఒక్కో గేరుకి ఒక్కో క్లచ్ ఉండే అమరిక ఇది. లోపలి జల్లెడ తీయాలంటే గేర్‌బాక్స్ మొత్తం దింపి విప్పాలి. లెక్క కాగితం తీసుకొని వచ్చేశాను.

మొదటి మెకానిక్ భయాన్ని మాత్రం కొట్టిపారేయలేను. మా బాబాయి పాత ఆటోమేటిక్‌కి మెషీన్ పెట్టి ఆయిల్ మొత్తం ఒకేసారి ఫ్లష్ చేయించారు. రెండు నెలల్లో గేర్‌బాక్స్ పోయింది. కొత్త ఆయిలే చంపిందని ఇప్పటికీ ఇంట్లో అందరూ అంటారు. ఆ బండి అంతకు ముందే జారుతోంది. ఆర్‌పీఎం మూడు వేలు దాటినా బండి కదిలేది కాదు. అంటే గేర్ల క్లచ్ ప్లేట్లే అప్పటికి అరిగిపోయాయి. చివరిదశలో ఆయిల్ మార్చి, పోయాక నింద ఆయిల్ మీద వేశాం. నా బండి వణికేదే గాని జారేది కాదు. ధైర్యం చేయడానికి అదే కారణం.

చివరికి ఇంటి దగ్గర్లో చిన్న షెడ్డు నడిపే కుర్రాడు ఒప్పుకున్నాడు, నేను పక్కనే నిలబడతానన్న షరతు మీద. ఫ్లష్ వద్దు, మెషీన్ వద్దు. కింద బోల్టు విప్పి దిగినంత దింపడం, అంతే కొత్తది పోయడం, మూడు నాలుగు వందల కిలోమీటర్లు నడిపి మళ్లీ అదే పని. అలా మూడుసార్లు. ఒకసారికి రెండున్నర లీటర్ల లోపే దిగుతుంది, మిగతాది ఎక్కువగా టార్క్ కన్వర్టర్‌లోనే ఉండిపోతుంది. దిగేది నలభై శాతం అనుకుంటే మొదటిసారికి పాత ఆయిల్ 60 శాతం మిగులుతుంది, రెండోసారికి 36, మూడోసారికి 22. నాలుగోసారి అక్కర్లేదనిపించింది.

ఆ డ్రెయిన్ బోల్టుకి స్పానర్ పట్టే తల ఉండదు. చతురస్రపు గుంట ఉంటుంది. సాకెట్ లేకుండా రాచెట్ కొసనే అందులో పెట్టి తిప్పాలి. ఇది తెలియక పైప్ రెంచ్ తెచ్చాడు పాపం. అల్యూమినియం వాషర్ ప్రతిసారీ కొత్తది వేయించాను. బిగువు 49 న్యూటన్ మీటర్లు.

దిగిన ఆయిల్ కాఫీ డికాక్షన్ రంగులో ఉంది. కొత్తగా పోసిన హోండా ఆటోమేటిక్ ఆయిల్ డీడబ్ల్యూ-1 రూఅఫ్జా షర్బత్‌లా ఎర్రగా ఉంటుంది. ఈ బండి కొత్తగా ఉన్నప్పుడు వాడింది జెడ్-1, దాని బదులు కంపెనీ తర్వాత తెచ్చింది డీడబ్ల్యూ-1. బోల్టు కొసన అయస్కాంతం మీద బూడిదరంగు ముద్ద పేరుకుంది. వేళ్ల మధ్య నలిపి చూశాను. మెత్తగా ఉంది, గరుకు పలుకులు లేవు. లోహపు పెచ్చులు కనిపించి ఉంటే అక్కడితో ఆపేసేవాణ్ని.

మొదటిసారి పోశాక అద్భుతమేమీ జరగలేదు. వణుకు కొంచెం తగ్గిందనిపించింది, అది నా ఆశ కూడా కావచ్చు. రెండోసారి తర్వాత మాత్రం శ్రీశైలం రోడ్డు మీద అదే వేగంలో, అదే కాలి బరువుతో వెళితే వణుకు లేదు. పనిగట్టుకుని రెండుసార్లు అటూ ఇటూ తిప్పి చూశాను. రెండు, మూడు గేర్ల మధ్య తటపటాయింపు కూడా పోయింది. మూడోసారి తర్వాత నాకు కొత్తగా తెలిసిన తేడా ఏమీ లేదు.

ఆ మూడోసారే ఒక పొరపాటు చేశాం. కొలవకుండా గరాటుతో ధారగా పోసేశాం, డిప్‌స్టిక్ మీద గీత దాటింది. సిరంజికి సన్నటి ట్యూబు తగిలించి అదనంగా ఉన్నది లాగేసరికి మధ్యాహ్నమైంది. దింపిన ఆయిల్‌ని సీసాల్లో కొలిచి అంతే పోస్తే ఈ గొడవ ఉండదు. లెవెల్ చల్లగా ఉన్నప్పుడు చూడకూడదు. ఫ్యాన్ తిరిగేదాకా వేడెక్కనిచ్చి, చదునైన చోట ఇంజిన్ ఆపి, నిమిషం ఆగి, నిమిషంన్నర లోపు చూడాలి.

మొత్తం ఆయిల్, వాషర్లు, కూలీ కలిపి పదివేలకు కాస్త అటూ ఇటూ అయింది. మైలేజీలో ఏ మార్పూ లేదు. పెరుగుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఇప్పుడు మీటరు 1,88,000. మధ్యలో 1,75,000 దగ్గర ఒక్కసారి దింపి పోయించాను. అప్పుడు దిగినది ముదురు ఎరుపులోనే ఉంది, అయస్కాంతం మీద సన్నటి పూత తప్ప ఏమీ లేదు. వణుకు మళ్లీ రాలేదు.

ఒక హెచ్చరిక: మన దగ్గర క్లచ్ పెడల్ లేని ప్రతి బండినీ ఆటోమేటిక్ అనేస్తాం. విడి గేర్ల బదులు బెల్టుతో నడిచే సీవీటీకి దాని ఆయిల్ వేరు, పొరపాటున ఇది పోస్తే బెల్టుకి ముప్పు. 2014లో సెలెరియోతో మొదలైన ఏఎంటీలలో లోపల ఉండేది మాన్యువల్ గేర్‌బాక్సే, వాటికి మామూలు గేర్ ఆయిల్. బండితో వచ్చిన ఓనర్ పుస్తకంలో ఏ పేరు రాసి ఉందో అదే కొనండి.

పొద్దున రివర్స్‌లో ఆ ‘ధడ్’ మాత్రం మూడుసార్లు మార్చినా పోలేదు. ఏడాది పాటు గేర్‌బాక్స్‌నే అనుమానించాను. తీరా చూస్తే ఇంజిన్ మౌంట్ రబ్బరు చిరిగి ఉంది. అది మార్చిన రోజే ఆగిపోయింది.