సైలేజీ సంచి: గడ్డితో గొడవ లేదు, కవరుతోనే పేచీ

సైలేజీ అంటే పచ్చిమేతను నరికి, గాలి తగలకుండా సంచిలో తొక్కి మాగబెట్టిన గడ్డి. మొక్కజొన్న ఎప్పుడు కోయాలి, ఎంత సన్నగా నరకాలి అన్నవి అందరూ చెప్పేవే, వదిలేస్తా. నా కోపమంతా లోపలి ప్లాస్టిక్ కవరు మీద.

పై సంచికి వంక పెట్టను. అర టన్ను పట్టే సంచి, మనుషులెక్కి తొక్కినా కుట్టు ఊడలేదు. లోపలి కవరేమో అరటిపండ్ల బండి మీద ఇచ్చే క్యారీబ్యాగంత పలుచన. పోయిన ఉగాది దాటినాక కొత్త సంచి విప్పుదామని చెయ్యి ఆనిస్తే గోడవైపు వెచ్చగా తగిలింది. మాగిన గడ్డి చల్లగా ఉండాల. వెచ్చబడిందంటే లోపలికి గాలి పోతున్నట్టే. జరిపి చూస్తే అడుగున పందికొక్కు కొరికిన బొక్క. మూతి విప్పితే పైన అంతా బాగానే ఉంది, పసుపు తిరిగిన ఆకుపచ్చ, కమ్మటి పులుపు వాసన. మోచేతి లోతు తీసేసరికి నల్లగా ముద్ద కట్టిన గడ్డి, చుట్టూ తెల్లటి బూజు, కాలిన పొగాకు వాసన. "దులిపి ఎనుముకు వెయ్యిరా, ఏం కాదులే" అన్నాడు పక్కింటి మామ. కొట్టంలో సూడి ఎనుము ఉంది. బూజు గడ్డి తిని అది ఈసుకపోతే ఎవరు దిక్కు? సగం సంచి దిబ్బకే పోయింది.

అంగడాయన్ను అడిగితే "పందికొక్కులకు మేమేం చేస్తాం సామీ" అన్నాడు. నిజమే. కానీ ఈ కవరుకు కొక్కు దాకా ఎందుకు, దంటు ముక్క మొన గుచ్చుకున్నా చాలు. మళ్లీ మళ్లీ వాడుకోవచ్చని అమ్మినారు. ఆ మాట పై సంచికే చెల్లుతుంది, కవరు ఏటా కొత్తది కొంటున్నా. ఇప్పుడు తాడిపత్రి బండలు పరిచి, గోడకు మనిషి తిరిగేంత ఎడంగా నిలబెడుతున్నా.

సైలేజీ వేస్తే ఎండాకాలంలో పాలు తగ్గవని నలుగురికీ చెప్పినోణ్ణి నేనే. కానీ ఆ మాట చెప్పిన ఏడు బోరు కూడా ఆగకుండా పోసింది, పచ్చిగడ్డి కాస్తో కూస్తో ఉండె. అంతా సైలేజీ పుణ్యమే అనలేను. ఇంకోటి, పాలు పిండినాకే వేయాల. ముందేస్తే పాలకు వాసన పడుతుంది, కేంద్రంలో మూత తీయగానే పట్టేస్తారు.

అయినా సంచి మానలేదు. కళ్యాణదుర్గం వైపు మాకు ఆధారం శెనక్కాయ కట్టె, అదే కాయలు తీసేసిన ఎండు చెట్టు. పెరికినాక వాన పడి తడిస్తే బూజు పడుతుంది, ఆ విషం పాలలోకీ దిగుతుంది. సంచికి ఆ వాన భయం లేదు. అట్లని కట్టె వేయడం ఆపలేదు, పులుపు గడ్డి ఒక్కటే వేస్తే పేడ పలుచనవుతుంది.

నాకున్నవి రెండు ఎనుములు, ఒక ఆవు. ఒక్కోదానికి రోజుకు 15 కిలోలకు మించి వేయను, విప్పిన సంచి పది పన్నెండు రోజుల్లో అయిపోతుంది. ఒక్క ఆవే ఉన్నోళ్లు ఇంతకంటే చిన్న సంచి చూసుకోండి, లేకుంటే ముగిసేలోపే పైపైన వేడెక్కుతుంది. పదిహేను ఇరవై పశువులుంటే ఈ సంచుల జోలి వద్దు, గుంత కట్టించుకోండి. నేనైతే ఈ ఏడూ కొంటా, కవరు మాత్రం వేరే అంగట్లో, మందం చేత్తో నలిపి చూసి.